ఆయమ్మకు ఆఖరి తేదీ

అంగన్‌వాడీ సెంటరు తాళం తీసేది చాలా ఊళ్లలో ఆయమ్మే. పొద్దున్నే వచ్చి గది ఊడ్చి, చాపలు దులిపి పరిచి, బిందెలు నింపి, ఆ తర్వాత వీధిలోకి బయల్దేరుతుంది. ఏ ఇంట్లో పిల్లాడు ఇంకా నిద్ర లేవలేదో, ఏ ఇంట్లో తల్లి తెల్లారకముందే కూలికి వెళ్లిపోయిందో ఆమెకు తెలుసు. ఒకణ్ని చంకనేసుకుని, ఇద్దర్ని చెరో చేత్తో పట్టుకుని సెంటరుకు తీసుకొస్తుంది. ఇక పొయ్యి దగ్గర పని మొదలు. బియ్యం కడగాలి, పప్పు పడేయాలి, గుడ్లు ఉడకబెట్టాలి. మధ్యలో చెడ్డీ తడుపుకున్నవాణ్ని కడగాలి, అమ్మ కావాలని ఏడ్చేదాన్ని ఒళ్లో వేసుకోవాలి. మధ్యాహ్నానికి గర్భిణులు, బాలింతలు భోజనానికి వస్తారు. వాళ్లకు వడ్డించి, పిల్లల్ని పడుకోబెట్టి, అంట్లు తోమి, మళ్లీ తాళం వేసి వెళ్లేదీ ఆమే.

ఇలా పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు చేసిన ఆయమ్మలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. అంగన్‌వాడీని ఇప్పటికీ బాలవాడి అని పిలిచే పెద్దవాళ్లున్న ఊళ్లలో, ఒకప్పుడు ఆమె చంకనెక్కి వచ్చిన పిల్ల ఇవాళ తన బిడ్డను తీసుకొచ్చి ఆమె చేతికే అప్పగిస్తుంది. రిజిస్టరులో ఆమె పేరు ఏముందో సగం ఊరికి తెలియదు. ఆయమ్మ అంటే ఆయమ్మే.

అలాంటి ఆయమ్మకు ఒకరోజు ప్రాజెక్టు ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. రికార్డుల ప్రకారం మీకు వయసు నిండింది, ఫలానా నెలాఖరుతో మీ సేవలు ముగిశాయి, తాళాలూ సామానూ అప్పగించండి అని అందులో ఉంటుంది. ఆ సాయంత్రం తల్లులు డబ్బులు పోగేసుకుని ఒక చీర పెడతారు, టీచరమ్మ శాలువా కప్పుతుంది, పిల్లలు కొంగు వదలరు. మర్నాటి నుంచి ఆమెకు జీతం ఉండదు, పింఛను ఉండదు. ఈ ప్రసంగం ఆ కాగితం గురించి, దాని వెనకున్న లెక్క గురించి.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. వయసు మీద పడ్డాక పని మానుకోవలసి రావడమే అన్యాయమని ఎవరూ అనరు. ఎసరు పెట్టిన పెద్ద గిన్నె దించడం, గ్యాస్ సిలిండరు జరపడం, మూడేళ్ల పిల్లాడి వెనక పరిగెత్తడం అరవై దాటిన మోకాళ్లకు తేలికైన పనులు కావు. ఆ పోస్టు కోసం ఎదురుచూసే పడుచుపిల్లలూ, ఒంటరి ఆడవాళ్లూ అదే ఊళ్లో ఉంటారు. చాలామంది ఆయమ్మలకు విశ్రాంతి కావాలనే ఉంటుంది కూడా. కాళ్లు లాగుతున్నా, కళ్లు మసకబారుతున్నా వాళ్లు ఇన్నాళ్లూ వచ్చింది, మానేస్తే ఇల్లు గడవదనే. కాబట్టి వయసు గీత ఒకటి ఉండాలి. దాని అవతల ఆమె కోసం ఏం పెట్టారన్నది అడగాల్సిన సంగతి.

ఆ గీత కూడా రెండు రాష్ట్రాల్లో ఒకచోట లేదు. తెలంగాణలో అంగన్‌వాడీ టీచర్లకూ ఆయాలకూ 65 ఏళ్ల వయోపరిమితిని 2023లో నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 60గా ఉండేది. 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన సమ్మె తర్వాత 62 అయింది. నాగార్జునసాగర్ దగ్గర కృష్ణకు ఒక ఒడ్డున ఉన్న ఆయమ్మ 62కే ఇంటికి వెళ్లాలి, ఇంకో ఒడ్డున ఉన్న ఆయమ్మ 65 దాకా ఉండొచ్చు. ఇద్దరూ వండేది అదే పప్పు, మోసేది అలాంటి పిల్లల్నే.

ఆ సమ్మె సంగతి కొంచెం ఆగి చెప్పుకోవాలి. అది నడుస్తుండగా 2024 జనవరి 6న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంగన్‌వాడీల మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవలు ఆగకూడదని ఉన్న చట్టం అది. వీళ్లు చేసేది అత్యవసర సేవ అని సర్కారే కాగితం మీద రాసిందన్నమాట. ఆ పని నిజంగా అంత ముఖ్యమైనదే, అందులో అనుమానం లేదు. ఇదే వర్గం మరో ఫిర్యాదు కూడా ఏళ్లుగా చేస్తోంది. ప్రభుత్వం నుంచి నెలనెలా డబ్బు అందుకుంటున్నారన్న కారణంతో తమ కుటుంబాలకు సంక్షేమ పథకాలు ఆపేస్తున్నారన్నది ఆ ఫిర్యాదు. సమ్మె చేస్తే అత్యవసర సిబ్బంది, పథకానికి దరఖాస్తు పెడితే సర్కారు మనిషి. మరి పింఛను అడిగితే?

ఆ ప్రశ్నకు జవాబు 2006 నుంచీ ఒకటే. ఆ ఏడాది డిసెంబరు 7న కర్ణాటక ప్రభుత్వానికీ అమీర్‌బీకీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, అంగన్‌వాడీ కార్యకర్తలవి సివిల్ పోస్టులు కావని తేల్చింది. వాళ్లు ప్రభుత్వోద్యోగులు కారు, ఒక పథకం కింద పనిచేసేవాళ్లు. ఆ పథకం పేరు ఐసీడీఎస్, సమగ్ర శిశు అభివృద్ధి సేవలు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. అది యాభై ఏళ్లు దాటినా అందులో పనిచేసేవాళ్లు ఇంకా తాత్కాలికపు లెక్కలోనే ఉన్నారు. జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. కేంద్రం 2018 అక్టోబరు నుంచి టీచరుకు నెలకు 4,500 రూపాయలు, ఆయాకు 2,250 రూపాయలు అని నిర్ణయించింది. దానికి రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. అలా కలిపితే ఆంధ్రప్రదేశ్‌లో ఆయాకు 7,000, టీచరుకు 11,500 చొప్పున 2019 నుంచి ఇస్తూ వచ్చారు. తెలంగాణలో 2021 పెంపుతో ఆయాకు 7,800, టీచరుకు 13,650 అయింది.

అంగన్‌వాడీ ఉన్న ఆవరణలోనే, గోడకు అటుపక్క ఉండే హైస్కూలు అటెండరును చూడండి. రెగ్యులర్ పోస్టులో ఉన్న అటెండరు గంట కొట్టి, తాళాలు వేసి, రికార్డులు మోసి రిటైరైతే గ్రాట్యుటీ వస్తుంది, మిగిలిన సెలవులకు డబ్బు వస్తుంది, పింఛనో, జీతంలో కోసి జమ చేసిన పింఛను నిధో ఉంటుంది. రావాలి కూడా, అది అతని కష్టార్జితం. ఆయమ్మకు మాత్రం అవేవీ లేవు. అటెండరు నుంచి హెడ్‌మాస్టరు దాకా అందరికీ వర్తించే రిటైర్మెంటు నియమాన్ని ఆమెకూ తెచ్చి తగిలించారు, దానితోపాటు రావాల్సినవి మాత్రం రాలేదు.

రిటైర్మెంటు వయసు మారితే ఎంత గోల అవుతుందో తెలుగు నేలకు బాగా తెలుసు. ఎన్.టి. రామారావు 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. నెల రోజులకే, ఫిబ్రవరి 8న, ఆయన ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు దించింది. అప్పటికే 55 దాటినవాళ్లందరికీ ఆ ఫిబ్రవరి 28 ఆఖరి రోజు. 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థల్లో మరో 10 వేల మంది ఒక్కసారిగా ఇంటికి వెళ్లారు. మూడేళ్ల సర్వీసు ఉంది కదా అని పిల్లల పెళ్లిళ్లకూ ఇంటి అప్పులకూ లెక్కలు వేసుకున్నవాళ్లకు ఇరవై రోజుల గడువు దొరికింది. అటెండర్లు, స్వీపర్ల లాంటి లాస్ట్ గ్రేడ్ సర్వీసును మాత్రం ఆ కోత ముట్టుకోలేదు. వాళ్ల వయసు 60గానే ఉండిపోయింది.

ఉద్యోగులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఈలోగా రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. నాదెండ్ల భాస్కరరావు ముఖ్యమంత్రిగా ఉన్న నెలలో, 1984 ఆగస్టు 23న, ఆర్డినెన్సు ద్వారా వయసు మళ్లీ 58 అయింది. 1985 జనవరిలో వచ్చిన కె. నాగరాజ్ కేసు తీర్పు, వయసు తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందని చెప్పింది. యువతకు ఉద్యోగావకాశాలు కల్పించాలన్న వాదన కోర్టుకు సమంజసంగానే తోచింది. కథ అక్కడ ముగిసిపోలేదు. అదే ఏడాది బి. ప్రభాకరరావు కేసులో, ఆ పద్దెనిమిది నెలల సందులో పడి నలిగిపోయినవాళ్ల మొర కోర్టు ఆలకించింది. తీర్పు రాసినవారిలో జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఉన్నారు. 58 నిండనివాళ్లు తిరిగి కొలువులో చేరారు, నిండిపోయినవాళ్లకు నష్టపోయిన కాలానికి పరిహారం దక్కింది.

ఈ పాత కేసును ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. వయసు ఎంత ఉండాలన్నది ప్రభుత్వం చేతిలోదేనని కోర్టు ఒప్పుకుంది, ఆ మార్పు వల్ల నష్టపోయినవాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వాలనీ చెప్పింది. ఉద్యోగులకు సంఘాలున్నాయి, సర్వీసు రిజిస్టర్లున్నాయి, తమది ఉద్యోగమని ఎవరికీ రుజువు చేయనక్కర్లేదు. అంగన్‌వాడీ ఆడవాళ్లు ఆ రుజువు దగ్గరి నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది.

మొదలుపెట్టింది గుజరాత్‌లోని దాహోద్ జిల్లా వాళ్లు. పదవీ విరమణ చేసిన అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీ కోసం కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్లి గెలిచారు. హైకోర్టులో ఒక న్యాయమూర్తి వాళ్లవైపే చెప్పారు. ఇద్దరు న్యాయమూర్తుల బెంచి దాన్ని కొట్టేసింది. చివరికి 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టులో జస్టిస్ అజయ్ రస్తోగీ, జస్టిస్ అభయ్ ఎస్. ఓకా వాళ్లకు అనుకూలంగా తీర్పిచ్చారు. కేసు పేరు మణిబెన్ మగన్‌భాయ్ భారియా. గౌరవ వేతనం అన్నా అది చేసిన పనికి ఇచ్చే వేతనమే, అంగన్‌వాడీ కేంద్రం చట్టం చెప్పిన సంస్థే, కాబట్టి 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వీళ్లకు వర్తిస్తుంది అన్నది తీర్పు సారాంశం. బకాయి పడ్డ డబ్బుకు ఏడాదికి 10 శాతం వడ్డీ కూడా కట్టమంది.

శ్రోతలు దగ్గర్లో ఉన్న కాగితం, పెన్నూ అందుకుంటే మంచిది. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది.

గ్రాట్యుటీ సూత్రం సులువు. నెల వేతనాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాది సర్వీసుకు ఎంతో వస్తుంది. దాన్ని ఎన్నేళ్లు చేశారో ఆ సంఖ్యతో గుణించాలి. తెలంగాణ ఆయమ్మ వేతనం 7,800 అనుకుందాం. ఏడాదికి 4,500. ముప్ఫై ఏళ్లకు 1,35,000 రూపాయలు. 2023లో 65 ఏళ్ల నిబంధన పెట్టినప్పుడు ఆయాకు ప్రకటించిన విరమణ సాయం 50 వేలు. టీచరమ్మకు అదే లెక్కన 2,36,250 రావాలి, ప్రకటించింది లక్ష. 2024 జులైలో మంత్రి సీతక్క ఈ మొత్తాలను ఆయాలకు లక్షకు, టీచర్లకు రెండు లక్షలకు పెంచుతామని ప్రకటించారు. అది మంచి మాటే, స్వాగతించాల్సిందే. ముప్ఫై ఏళ్లు చేసినవాళ్ల విషయంలో అదీ చట్టం చెప్పినదానికి తక్కువే. ఇటు ఆంధ్రప్రదేశ్‌లో 7,000 వేతనం మీద ముప్ఫై ఏళ్ల ఆయమ్మకు లక్షా 21 వేల చిల్లర రావాలి. సమ్మె ఒప్పందంలో ఆయాకు కుదిరిన విరమణ ప్రయోజనం 60 వేలు, టీచరుకు లక్షా 20 వేలు. ఆ ఒప్పందంలో ఆయాలకు దక్కింది చట్టం లెక్కలో సగం కూడా కాదు.

సాయం అంటే ఇచ్చేవాళ్ల దయ, ఎంత ఇస్తే అంత. గ్రాట్యుటీ అయితే లెక్క కట్టి అడగొచ్చు. నాలుగు వందల గ్రాముల పప్పుకు మూడు వందలే తూచితే ఏ ఆయమ్మా ఊరుకోదు. సరుకు దించే బండివాడి ముందు నిలబడి మళ్లీ తూకం వేయిస్తుంది. తన ముప్ఫై ఏళ్లకూ ఆమె అదే తూకం అడుగుతోంది.

పుట్టిన తేదీది ఇంకో చిక్కు. టీచర్లకు పదో తరగతి సర్టిఫికెట్ ఉంటుంది. పాత తరం ఆయమ్మల్లో చాలామంది బడి మెట్లు ఎక్కనివాళ్లు, ఎక్కినా నాలుగైదు తరగతులతో ఆపేసినవాళ్లు. ఎప్పుడు పుట్టావమ్మా అంటే సాగర్ డ్యాముకు నెహ్రూ పునాది వేసిన ఏడనో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ మరుసటేడనో ఇంట్లో పెద్దలు చెప్పిన గుర్తు చెబుతారు. పునాది పడింది 1955 డిసెంబరులో, రాష్ట్రం ఏర్పడింది 1956 నవంబరులో. ఆ గుర్తుల మీద ఆధార్ కేంద్రంలో కుర్రాడు అంచనా వేసి ఒక సంవత్సరం కొట్టాడు, తేదీ తెలియకపోతే జనవరి 1 అని వేశాడు. ఆ అంచనా ఇప్పుడు ఒక మనిషి జీవనాధారాన్ని తేలుస్తోంది. రెండేళ్లు ఎక్కువ పడితే రెండేళ్ల కూడు పోయినట్టే. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 24న ఒక ప్రమాద పరిహారం కేసులో స్పష్టంగా చెప్పింది. బడి సర్టిఫికెట్ ఉంటే దాన్నే పట్టించుకోవాలంది. కాబట్టి కాగితం అందిన ఆయమ్మ, దాని మీదున్న తేదీ ఎక్కడి నుంచి వచ్చిందో అడగొచ్చు.

ఆమె వెళ్లిపోయాక సెంటరు ఏమవుతుందో కూడా చూడాలి. ఖాళీ అయిన చోటికి వెంటనే మనిషి రాదు. 2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం భర్తీకి ఆమోదం తెలిపిన అంగన్‌వాడీ ఖాళీలు 14,236. అందులో 6,399 టీచర్లవి, 7,837 ఆయాలవి. ఆయా లేని సెంటరులో టీచరమ్మే వండాలి, కడగాలి, తూకాలు తీయాలి, ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్ నింపాలి. ఇక అక్షరాలు దిద్దించేదెప్పుడు? అనుభవం ఉన్న మనిషిని ఆ నెలాఖరుకల్లా పంపెయ్యాలన్న పట్టుదల, కొత్త మనిషిని అదే నెల తేవాలన్న విషయంలో కనబడదు. కొత్తగా చేరిన అమ్మాయి పక్కన పాత ఆయమ్మను ఒక్క నెల ఉంచితే, ఏ పిల్లకు గుడ్డు పడదో, ఏ ఇంటి గర్భిణి భోజనానికి రావడానికి సిగ్గుపడుతుందో ఆమె చెప్పిపోతుంది. ఆ జ్ఞానం ఏ యాప్‌లోనూ లేదు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే అమ్మలది ఇంకా దిగువ మెట్టు. వాళ్లకు కేంద్రం 2009 డిసెంబరులో నెలకు 1,000 రూపాయలు, ఏడాదికి పది నెలలు అని లెక్క కట్టింది. ఆ వెయ్యి నేటికీ వెయ్యే. రెండు తెలుగు రాష్ట్రాలూ తమ వాటా కలిపి దాన్ని 3,000 చేశాయి. ఆంధ్రప్రదేశ్ ఆ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టింది. కోనసీమలో లంకల గన్నవరం దగ్గర వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన మహాతల్లి ఆమె, పేరు సరిగ్గానే కుదిరింది. ఆ పేరు మీద పొయ్యి వెలిగించే వంటమ్మకు వయసు మళ్లాక ఏమిస్తారన్నది ఇంతవరకూ ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. అంగన్‌వాడీలు సాధించుకున్న 2022 తీర్పు వీళ్లకూ దారి చూపిస్తుందని ఆశ పెట్టుకోవచ్చు.

వృద్ధాప్య పింఛను ఉంది కదా అని కొందరంటారు. ఉంది, అది నిజంగా ఆదుకుంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకు 4,000, తెలంగాణలో 2,016. కానీ అది పేదరికానికి ఇచ్చేది, జీవితంలో ఒక్కరోజు సర్కారు పని చేయనివాళ్లకూ వచ్చేది. ఆయమ్మ ముప్ఫై ఏళ్ల పనికి అది బదులు కాదు. అసంఘటిత కార్మికుల కోసం 2019లో కేంద్రం తెచ్చిన శ్రమయోగి మాన్‌ధన్ పింఛనులో చేరాలంటే వయసు 40 లోపు ఉండాలి. ఇవాళ రిటైరవుతున్న ఆయమ్మలు ఆ పథకం పుట్టేనాటికే నలభై దాటేశారు.

అందుకే గ్రాట్యుటీ ఇంత ముఖ్యం. వింటున్నవాళ్లలో ఈ మధ్య విరమణ కాగితం అందుకున్న ఆయమ్మలో, టీచరమ్మలో, వాళ్ల పిల్లలో ఉంటే ఈ పని చేయండి. మొదటి నియామకపు కాగితం వెతకండి, దొరక్కపోతే సెంటరు హాజరు రిజిస్టరు నకలు అడగండి. గౌరవ వేతనం పడిన బ్యాంకు పాస్‌బుక్కులు పాతవీ కొత్తవీ పారేయకండి. మణిబెన్ కేసు తీర్పును ప్రస్తావిస్తూ గ్రాట్యుటీ కోసం ప్రాజెక్టు ఆఫీసులో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. సర్వీసు ముగిసిన 30 రోజుల్లో డబ్బు చెల్లించాలని చట్టం చెబుతోంది. జవాబు రాకపోతే తర్వాతి మెట్టు కార్మిక శాఖలో సహాయ కమిషనర్ కార్యాలయం. చదువురాని మనిషికి ఆ గుమ్మం కొత్త, ఆ కాగితాలు కొత్త. ఆమె చేతి అన్నం తిని పెరిగి ఇవాళ చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లలో ఒకరు ఆ రోజుకు సెలవు పెట్టి ఆమెతో వెళ్లాలి.